పింఛన్లకు వేసిన వరుస

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను తిరుపతికి బస్సు దూరంలో ఉన్న ఒక పురపాలక సంఘానికి అకౌంట్స్ ఆఫీసరుగా వేశారు. నేను జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం మొదలుపెట్టిందీ ఆ ఆఫీసులోనే. ఊరి పేరు రాయడం లేదు. రిటైర్మెంటుకు అప్పటికి మూడేళ్లే మిగిలాయి.

ఉద్యోగి పనిచేస్తున్నంత కాలం అతని జీతానికి లెక్కగట్టి, సంఘం తన వాటాను నెలనెలా పింఛను నిధిలో కట్టాలి. రిటైరైన వాళ్లకు ఆ నిధి నుంచే పింఛన్లు వెళ్తాయి. ఆస్తిపన్ను సరిగా వసూలు కాని ఏడాది ఏదో ఒక చెల్లింపు ఆపక తప్పదు. కరెంటు బిల్లు ఆపితే వీధి దీపాలు ఆరిపోతాయి. నీళ్ల ట్యాంకర్ల వాళ్లకు ఆపితే వచ్చి గేటు దగ్గర కూర్చుంటారు. పింఛను నిధి వచ్చి అడగదు. అందుకని 'ఈ ఏడాది వాటాను వచ్చే ఏడాది సర్దుబాటు చేయవచ్చును' అని అకౌంట్స్ విభాగం ఫైలులో ఒక పేరా రాస్తుంది. దాన్ని మేం నోట్ పెట్టడం అంటాం. అలాంటి నోట్లు ఆ ఆఫీసులో ఏళ్ల తరబడి పేరుకుపోయాయి.

ఆగస్టు నెలాఖరుకు నిధి అడుగంటింది. అందరికీ పింఛను ఇవ్వడానికి డబ్బు లేదు. కమిషనర్ నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది నన్నే వరుస వేసి తెమ్మన్నాడు. రెండు రోజులు కూర్చున్నాను. చివరికి తక్కువ పింఛను వచ్చేవాళ్లను పైన పెట్టాను: పారిశుద్ధ్య కార్మికులు, చనిపోయిన ఉద్యోగుల వితంతువులు, అటెండర్లు. పెద్ద హోదాల్లో రిటైరైన వాళ్లు కిందికి పోయారు. నిధి అంతదాకా రాలేదు.

అలా ఆగిపోయిన వాళ్లలో చెంగల్రాయులు గారు ఒకరు. ఆ ఆఫీసులోనే మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నోట్ ఎలా రాయాలో నాకు నేర్పిన మనిషి. సెప్టెంబరు రెండో వారంలో పూతలపట్టు నుంచి బస్సెక్కి వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, అందరికీ పడలేదంట. నా పేరు యాడుండాది?" అన్నారు.

జాబితా ఆయన ముందు పెట్టాను. అద్దాలు తుడుచుకుని పైనుంచి కిందిదాకా, ఒక్కో పేరూ చదివారు.

"వీధులు ఊడ్సిన మునెమ్మకు పడిందా?"

"పడింది సార్. మొదట ఆమెకే వేసినాము."

"మంచిది. నేనైనా ఇట్లనే రాసుందును."

క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నువ్వేం సేస్తావమ్మా. ఈ వాటా ఆపే నోట్ ఈడ మొదట పెట్టింది నేనే గదా. ఆ ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయినాయి. జనం బిందెలు పట్టుకోని ఆఫీసు మీదికొచ్చినారు. వచ్చే ఏడు కడదాంలే అని రాసినాను. వచ్చే ఏడూ అదే రాసినాను." జాబితా నా వైపు జరిపి అడిగారు, "నువ్వెప్పుడూ రాయలేదా?"

"రెండుసార్లు రాసినాను సార్. వేరే ఊళ్లో."

ఆయన తలూపారు. టీ తెప్పిస్తానంటే వద్దని లేచి వెళ్లారు. ఏం పని మీద డబ్బు కావాల్సి వచ్చిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజే కమిషనర్‌కు నోట్ పెట్టాను. జీతాలు తీసిన రోజే, మరే బిల్లూ పాస్ చేయక ముందే, పింఛను వాటా జమ చేయాలని రాశాను. 'చర్చించండి' అని రాసి వెనక్కి పంపాడు. చర్చించాం. ఎండాకాలానికి ట్యాంకర్ల డబ్బు ఉంచుకోవాలి మేడమ్, అన్నాడు. అతను చెప్పిందీ అబద్ధం కాదు. నోట్ అక్కడే ఆగిపోయింది.

ఆగిన పింఛన్లు దీపావళి దాటాక పడ్డాయి. నవంబరులో పింఛనుదారులు బతికే ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వడానికి వస్తారు. చెంగల్రాయులు గారు భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె కర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. ఏమైందని ఆమెనే అడిగాను. ఆగస్టులో బాత్రూంలో జారిపడి తొడ ఎముక విరిగిందనీ, ఆపరేషన్‌కు ముందుగా కట్టాల్సిన డబ్బు సమకూరే సరికి ఆలస్యమై కాలు పొట్టిదైపోయిందనీ చెప్పింది. "ఆరోజు ఎక్స్‌రేలు పట్టుకోని నీ దగ్గరికే వచ్చినాడు గదమ్మా, సూపించలేదా?" అంది. ఆయన ధ్రువపత్రంలో సంతకం పెడుతూ తలెత్తలేదు.

చూపించి ఉంటే నేను వరుస మార్చేదాన్నా? మార్చి ఉంటే ఎవరి పేరు కిందికి దించేదాన్ని? వరుస వేసే రోజుకు పొరపాటు ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. అది జరిగేది 'వచ్చే ఏడాది' అని రాసిన రోజున.

ఆ తర్వాత ఏ ఆఫీసులో వాటా వాయిదా వేయమన్నా, వచ్చే ఏడాది రిటైర్ కాబోయే వాళ్ల పేర్లు, హోదాలు నోట్ కింద రాసి పంపేదాన్ని. అలా రాయాలని ఏ నిబంధనా లేదు. ఒక కమిషనర్ ఆ పేర్లు చదివి వాటా కట్టించాడు. ఇద్దరు చదివి, వాయిదాకే సంతకం పెట్టారు.