బిక్షమయ్య జేబులోని గోలీలు

మీర్‌పేట్‌లో ఎవరు తుమ్మినా బిక్షమయ్య చెయ్యి చొక్కా జేబులోకి పోతుంది. రిటైరయిన బస్సు కండక్టరు కదా, యాంటీబయాటిక్ షీటులోంచి టికెట్టు చింపినట్టు ఒక గోలీ చింపి చేతిలో పెడతాడు. దగ్గుకైతే రెండు. తనకు జ్వరమొస్తే మాత్రం, తగ్గగానే మింగడం ఆపేసి, మిగిలినవి మళ్లీ జేబులో వేసుకుంటాడు.

ఆయన కూతురు సుజనకు ఎల్బీనగర్ దవాఖానలో నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఇన్‌ఫెక్షన్ ఉందేమోనన్న అనుమానంతో పాపను ఐసీయూలో పెట్టి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడో రోజు రక్తపరీక్షలో ఏ క్రిమీ లేదని తేలింది. నర్సు లలితకుమారి వచ్చి, "ఇక ఇంజెక్షన్లు ఆపేస్తున్నామండీ" అంది.

"ఆపుడేంది సిస్టరమ్మా? జర హెవీ పవర్ది ఎయ్యుండ్రి!" అంటూ బిక్షమయ్య లేచి నిలబడ్డాడు.

"అవసరం లేకుండా వేస్తే క్రిములు మందుకి అలవాటు పడిపోతాయి తాతగారూ. రేపు నిజంగా జబ్బు చేస్తే అదే మందు పనిచేయదు."

ఆయనకు నమ్మకం కుదరలేదు. పొద్దంతా అన్నం ముట్టకుండా అద్దం తలుపు ముందు కూర్చుని, పాప పొట్ట లేచి పడుతోందా లేదా అని చూస్తూనే ఉన్నాడు. మర్నాడు లలితకుమారి ఆయన చేత మోచేతుల దాకా చేతులు కడిగించి, గౌను, టోపీ, మాస్కు తొడిగించి లోపలికి పంపింది. అన్నాళ్లూ పిల్లికూనలా మూలిగిన పాప, ఆ అవతారం దగ్గరికి రాగానే వార్డు అదిరేలా కేరుమంది.

"ఏ సూది లేకుండనే గింత గట్టిగ ఏడుస్తున్నది సూడు బిడ్డా!" అన్నాడు బిక్షమయ్య, పాప పక్కనే కూర్చున్న సుజనతో, కళ్లు తుడుచుకుంటూ.

కళ్లు తుడుచుకున్న పాపానికి లలితకుమారి ఆయన్ని మళ్లీ చేతులు కడుక్కు రమ్మని బయటికి పంపింది.