కూత కుర్చీది

ఆమె వేళ్లు కుర్చీ కింద బోల్టును తడుముతున్నాయి. సినిమా హాల్లో కుర్చీలు బాగుచేసే ఆమెను అక్కడివాళ్లంతా కుర్చీలమ్మ అంటారు. ఆట మొదలయ్యేలోగా ప్రతి సీటునూ వాల్చి, లేపి, చెవి ఒగ్గి వింటుంది. జనం గోల ఆపడం ఆమె చేతిలో లేదు గానీ, కుర్చీ గోల చేస్తే మాత్రం తన పరువు పోయినట్టే. ఆ రోజు ఒక కుర్చీ ఆమె చెవిని తప్పించుకుంది. అందులో కూర్చున్న లావాటి పెద్దమనిషి కదిలినప్పుడల్లా అది కీచుమంది. "కుదురుగా కూర్చోవయ్యా, మేం సినిమా చూడాలా వద్దా?" అని వెనకవాళ్లు విసుక్కున్నారు. "ఈ సినిమాలో ఏనుగు కూడా ఉందిరోయ్!" అని ఎవరో అంటే వరసంతా నవ్వింది. ఇంటర్వెల్‌లో ఆయన తలదించుకుని లేచి, "నువ్వు చూసి రామ్మా, నేను బయటుంటా" అన్నాడు పక్క సీట్లో ఉన్న కూతురితో. కుర్చీలమ్మ అడ్డం వచ్చింది. "కూత మీది కాదు బాబూ, నా కుర్చీది" అంది, వెనక వరసకూ వినబడేలా. మోకాళ్ల మీద కూర్చుని అరిగిన వాషరు మార్చింది, నూనె చుక్క వేసింది, బోల్టు బిగించింది. తన బరువంతా వేసి ఊగి చూసింది. చప్పుడు లేదు. లేచి, గుడ్డతో సీటు తుడిచి, ఆయన కోసం వాల్చి పట్టుకుంది. "కూర్చోండి. ఎంత కదులుతారో కదలండి."