ఎర్రక్షరాల అక్క మీద నా నిఘా

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్ హాస్టల్లో ఉంటూ మొదటి ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో అని హడలి చస్తున్న రోజుల్లో, నాకు ఇంగ్లీషులో ఇన్, ఆన్, ఎట్ అనే మూడు బుల్లి మాటలంటే వణుకు. (ప్రొద్దుటూరులో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు కూడా అవి రాగానే దగ్గేవారు.) మా ఆఫీసులో విదేశీ క్లయింటుకు వెళ్ళే ప్రతి మెయిలునూ పక్క సీటువాళ్ళు చదివాకే పంపాలన్నది రివాజు. నా పక్క సీటు వరంగల్ అక్కది. నేను 'ఇన్' రాస్తే 'ఆన్' అని, 'ఆన్' రాస్తే 'ఎట్' అని ఎర్రక్షరాలతో దిద్దేది. అంతవరకూ ఫరవాలేదు. దిద్దినవన్నీ దాచుకుంటోందనీ, ప్రతి శుక్రవారం ల్యాప్‌టాప్ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్తోందనీ కనిపెట్టాక నాకు అన్నం సయించలేదు.

"మీ మీద సాక్ష్యాలు పోగేస్తున్నారండి. మా ఆఫీసులో ఒకాయన్ని ఇలాగే పంపించేశారు" అన్నాడు రూమ్మేటు. (భీమవరం మనిషి, పిడుగులాంటి వార్తనైనా మర్యాదగా చెబుతాడు.) సాక్ష్యమే లేకుండా చేద్దామని, ఆ మూడు మాటలూ తగలకుండా మెయిల్ రాశాను. "సర్వర్ డెడ్. రీజన్ అన్‌నోన్. టీమ్ వర్కింగ్. ప్లీజ్ వెయిట్." దిద్దడానికేమీ దొరక్క అక్క నావైపు అదోలా చూసి, సరే పంపమంది. నాకు లోలోపల పండగే. ఆ సాయంత్రమే క్లయింటు మేనేజరుకు ఫోన్ చేసి, మీవాడికి మా మీద కోపమా అని అడిగాడట.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. "ఇది మీరు చూసే పంపారా?" అని అక్కను అడిగాడు.

"చూసిన సార్. నేనే పంపమన్న. పోరనికి పని మంచిగొస్తది, జర భయం ఎక్కువ. తప్పులెట్ల తగ్గుతున్నయో వారం వారం మీకు చూపిస్తనే ఉన్న గద. ఇగ ఇప్పుడు తీసేస్తే ఎట్ల?"

నేను కార్పెట్ వైపు చూస్తూ నిలబడ్డాను. బయటికొచ్చాక అక్క, "ఏందిరా, నేను నీ మీద చాడీలు చెప్తున్ననుకున్నవా?" అంది.

"లేదక్కా" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఊరుగాని ఊళ్ళో తన తరఫున మాట్లాడే మనిషి ఒక్కరే ఉంటే, వాడు రోజంతా నిఘా పెట్టింది ఆమె మీదే.