వద్దన్నాక మళ్ళీ అడగాలి

1997 నవంబరు 15, శనివారం, రామచంద్రపురం. ఉన్నవారు: అనాథాశ్రమం నడిపే మేడమ్‌గారు, ఆయా, ఇటలీ నుంచి వచ్చిన భార్యాభర్తలు, నాలుగేళ్ళ పాప, నేను.

పాపను ఆ దంపతులు దత్తత తీసుకున్నారు. మర్నాడు ఉదయం ప్రయాణం. భర్తకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, భార్యకు అదీ రాదు. పాపకు తెలుగు తప్ప ఏమీ తెలియదు. పోస్టాఫీసు నుంచి రిటైరయ్యాక రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంగ్లీషు-ఇటాలియన్ నిఘంటువు నా దగ్గరుందని తెలిసి మేడమ్‌గారు నాకు కబురు పెట్టారు.

పాప రోజూ అనే మాటలు ఆయా చెబుతుంటే, వాటిని ఇంగ్లీషులో పెట్టుకుని, నిఘంటువులో వెతికి, కాగితం మీద తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లోనూ పక్కనే ఇటాలియన్ మాటా రాశాను. నీళ్ళంటే ఆక్వా. ఆకలంటే ఫామే. నిద్ర, భయం, కడుపునొప్పి కూడా దొరికాయి. వద్దు అంటే నో. అది వెతకనక్కర్లేకపోయింది.

అంతలో ఆ ఇటలీ ఆవిడ అరటిపండు ఒలిచి పాపకు అందించింది. పాప తల అడ్డంగా ఊపి "వద్దు" అంది. ఆవిడ నా కాగితం చూసుకుని, పండు పక్కన పెట్టేసింది. పాప ఆ పండునే చూస్తూ కూర్చుంది.

ఆయా కంగారుపడింది. "ఇలాగైతే దారిపొడుగునా పస్తేనండి! ఎవరైనా పెడితే టక్కున తీసుకోకూడదని మేమే నేర్పామండి."

"వద్దంటే నో అనే కదమ్మా రాశాను?" అన్నాను.

"ఇందాక కాఫీ ఇస్తే మీరేమన్నారండి?" అన్నారు మేడమ్‌గారు.

"వద్దన్నాను."

"రెండు గ్లాసులు తాగారండి, ఆయ్!" అంది ఆయా.

నిఘంటువులో 'మళ్ళీ'కి ఆంకోరా అని ఉంది. 'అడుగు' కూడా దొరికింది. రెండూ కలిపి చూపిస్తే భర్త చదివి, ఎందుకన్నట్టు చూశాడు. ఇక చేసి చూపడమే మేలనిపించింది. మేడమ్‌గారు కాఫీ గ్లాసు పట్టుకొచ్చారు. వద్దన్నాను. మళ్ళీ ఇచ్చారు. "అబ్బే, వద్దండీ" అని చెయ్యి అడ్డం పెట్టాను. మూడోసారి తీసుకుని తాగేశాను. ఆవిడ పకపకా నవ్వి భర్తకు ఏదో చెప్పింది. ఆ పండే మళ్ళీ అందించింది. పాప మాత్రం అప్పటికే అలిగి ఆయా ఒళ్ళో మొహం దాచుకుంది. ఎన్నిసార్లు అడిగినా తీసుకోలేదు.

మర్నాడు ఉదయం కారు గుమ్మం ముందు ఆగింది. ఆవిడ బిస్కెట్ల పొట్లం విప్పి ఒకటి అందించింది.

"వద్దు."

"ఆంకోరా," అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ అందించింది. పాప ఆయా వైపు చూసి, ఈసారి కాస్త మెల్లగా వద్దంది. మూడోసారి తీసుకుని కొరికింది. పొట్లంలోంచి ఇంకొకటి తీసి ఆయాకు అందించింది.

"నాకొద్దమ్మా, నువ్వు తిను," అంది ఆయా కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ పాప చేతిని మెల్లగా పట్టుకుని, ఆ బిస్కెట్టును మళ్ళీ ఆయా ముందుకు జరిపింది. ఆయా తీసుకుంది.