శాంతి పరిశోధనలో గొర్రెల లెక్క

పదేళ్లుగా నిలిచిన శాంతిని ఒక్క పూటలో చెడగొట్టడం ఎలాగో తెలుసుకోదలచిన పాఠకులు ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా చదవవలసింది. ఆ ఘనకార్యం నేను స్వయంగా చేశాను. అదీ శాంతి మీద పరిశోధన చేస్తూ!

మన రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. త్రిపురాంతకం ప్రాంతం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. గణితంలో పట్టా పుచ్చుకున్న నన్ను మా ఆచార్యులవారు అక్కడి ఒక పల్లెకు పంపారు. ఆస్తుల్లో హెచ్చుతగ్గులున్న చోట కొట్లాటలు పుడతాయా అన్నది ఆయన ప్రశ్న. ఎవరేం చెప్పినా రుజువు అడగడం నా స్వభావం. అన్నం ఉడికిందని మా అమ్మ చెప్పినా, మూత తీసి మెతుకు నొక్కి చూసేవాణ్ణి.

ఆ ఊళ్లో వెంకటయ్య, ఓబయ్య బావాబావమరుదులు. పదేళ్ల కిందట గొర్రెల పంపకంలో ఇరువైపులవాళ్లూ తలలు పగలగొట్టుకున్నారు. పెద్దమనుషులు రాజీ చేశారు: మంద ఒకటే, దొడ్డి ఒకటే, రాబడి చెరిసగం, ఎవరివెన్నో ఎవరూ లెక్కపెట్టరాదు. ఓబయ్య వంతు గొర్రెల చెవికి గాటు పెట్టే ఆనవాయితీ మాత్రం మిగిలింది.

"మీ ఇద్దరివీ సమానమేనా?" అని ఓబయ్యను అడిగాను.

"సమానమే నాయనా."

"లెక్కపెట్టారా?"

"లెక్కపెడితే సమానమెట్లయితాది?"

ఈ జవాబులోని జ్ఞానం నా పట్టాకు అందలేదు. మర్నాడు పొద్దున మంద దొడ్డి దాటుతుంటే పక్కన నిలబడి, చెవి గాటున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు, పుస్తకంలో గీతలు గీశాను. తరువాత టీ దుకాణంలో, అందరూ వినేలా, "ఓబయ్యా, మీవి పదిహేను ఎక్కువ" అన్నాను.

ఓబయ్య గ్లాసు దించి, పక్కనే ఉన్న వెంకటయ్య వైపు తిరిగాడు. "ఏంది బావా? నావి పదైదు ఎక్కువుంటే ఇన్నేండ్లు చెరిసగం ఎట్ల తిన్నావు?"

"ఎండలో మేపింది ఎవర్రా? నువ్వా?"

మధ్యాహ్నానికి మాటలు తాతల దాకా పోయాయి. కర్రలు అటకల మీంచి దిగాయి. దొడ్డి నడుమ ముళ్లకంప పడింది. ఆచార్యులవారి సిద్ధాంతం దివ్యంగా రుజువైంది. తన రుజువును చూసి అంతగా వణికిన పరిశోధకుడు మరొకడు ఉండడు.

వెంకటయ్య భార్య, ఓబయ్యకు అక్క అయిన నాగమ్మ నా దగ్గరకు వచ్చింది. "లెక్క తప్పినాదని చెప్పు నాయనా."

"తప్పని తేలకుండా ఎలా చెప్పనమ్మా?"

"నీ లెక్క తగలెయ్య! ఆడ తలకాయలు లేచిపోతాంటే! దా, అందరి ముందర మల్లా లెక్కపెట్టు."

మంద ఇంటికి వచ్చే వేళకు ఊరంతా చేరింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి దూకుతూ లోపలికి దూరాయి. ఈసారి వెంకటయ్యవి తొమ్మిది ఎక్కువ! బయటికి తోలి మళ్లీ పంపారు. ఓబయ్యవి నాలుగు ఎక్కువ. మూడోసారి ఒక పొట్టేలు నన్ను పడగొట్టి, నా పుస్తకం మీదుగా హుందాగా నడిచిపోయింది.

ఓబయ్య కర్ర మీద గడ్డం ఆనించాడు. "బావా, ఈయన ఏం చదివినాడంట?"

"లెక్కలంట."

ఇద్దరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. నేను దుమ్ములో కూర్చునే, "అయ్యలారా, నా లెక్క తప్పు" అని ప్రకటించాను. అది దయకొద్దీ చెప్పిన అబద్ధం కాదు. ఊరందరినీ రుజువు అడిగిన నేను, నా గీతలను మాత్రం రెండోసారి చూసుకోలేదు. ఓబయ్య వెళ్లి ముళ్లకంప లాగేశాడు.

"పొద్దున బస్సుకు పోతావు గదా నాయనా?" అంది నాగమ్మ. "టైము నువ్వు లెక్కపెట్టొద్దులే. మేమే లేపుతాం."

సమానమని ఒప్పుకొని బతికేవాళ్ల మధ్య ఇక పెన్సిలు తీయనని ఆ బస్సులోనే ప్రతిజ్ఞ పూనాను. నాటి నుంచి మంద ఎదురైతే ఆకాశం వైపు చూస్తూ నడుస్తాను. ఒకసారి కాలువలో పడ్డాను కూడా. అయినా లెక్కపెట్టలేదు.