తీగలు ముట్టనని మొక్కిన మనిషి

యెహెజ్కేలు గారు చేసిన తప్పు ఒక్కటే. దేవుడికి చెప్పిన ముచ్చట పెళ్లానికి చెప్పలేదు. అదీ నలభై ఏండ్లు. నేనైతే నలభై నిమిషాలు కూడా కడుపులో దాచుకోలేను, అందుకే మీకు చెప్తున్న.

మేముండేది టొరంటోలో, నార్త్ యార్క్‌ దిక్కు, సబ్‌వేకి నడిచిపోయే దూరంలో ఒక పాత అపార్ట్‌మెంట్. ఎనిమిదో ఫ్లోర్‌లో నాది 811, వాళ్లది 812. మధ్యలో గోడ ఉందంటే ఉంది, వాళ్లింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములొస్తయి. మా ఆయనకు కాల్గరీలో ఉద్యోగం, నెలకోసారి ముఖం చూపించి పోతడు. ఖాళీగున్న రెండు గదుల్లో ఐదుగురు స్టూడెంట్ పిల్లలను పెట్టుకున్న. 2023 అంటే మీకు తెలుసు గద, ఏ బస్సెక్కినా మన పిల్లలే, ఏ బేస్‌మెంట్ ముందు చూసినా మన చెప్పులే. నా దగ్గరున్న ఐదుగురిలో ముగ్గురు పక్కనున్న వాన్ టౌన్‌లో రాత్రి వేర్‌హౌస్ షిఫ్ట్ చేసి పొద్దున వచ్చి పడుకుంటరు, మధ్యాహ్నం లేచి కాలేజీకి ఉరుకుతరు. వాళ్ల నిద్ర చెడగొడితే నేను ఊరుకోను.

యెహెజ్కేలు గారిది నర్సాపురం. డెబ్బై ఆరేండ్లు. తండ్రి రైల్వే గార్డు కాబట్టి పెరిగింది వాల్తేరులో. అక్కడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకు వాయించే ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఒకాయన ఈయనకు డబుల్ బేస్ నేర్పిండట. డబుల్ బేస్ అంటే మనిషంత ఎత్తు ఫిడేలు. నిలబెట్టి, లావుపాటి తీగలను వేళ్లతో లాగి వాయిస్తరు. 1973లో టొరంటో వచ్చి పగలు మెషిన్ షాపులో పని, సాయంత్రాలు క్లబ్బుల్లో వాయింపు. అట్ల వాయిస్తుంటేనే వెండెల్ ప్రాక్టర్ కంట పడ్డారు.

వెండెల్ ప్రాక్టర్ ఎవరంటే మొన్నటిదాకా నాకూ తెలవదు. హాలిఫాక్స్ నుంచి వచ్చిన నల్లాయన, సాక్సోఫోన్ వాయించేటోడు. జాజ్ తెలిసినవాళ్లు ఆయన పేరెత్తితే గొంతు తగ్గించి మాట్లాడతరు. అంతటాయన పక్కన మన నర్సాపురం మనిషి ఏడేండ్లు వాయించారు, మూడు రికార్డుల మీద పేరుంది. 1983లో ఉన్నట్టుండి మానేశారు. నేను పక్కింట్లో పదకొండేండ్ల నుంచి ఉన్న గానీ, తెలుగువాళ్ల చర్చి ఫెలోషిప్‌లో కుర్చీలు సర్ది, కొత్తగా దిగిన పిల్లలకు చలికోట్లు వెతికిపెట్టే పెద్దమనిషి అని మాత్రమే ఎరుక.

మానేసినందుకు ఆయన రెండు కారణాలు చెప్పారు. పెళ్లాం రూపవతమ్మకేమో, తనకూ వెండెల్‌కూ మాటా మాటా వచ్చిందని. వెండెల్‌కేమో మా ఆవిడకు క్లబ్బులు గిట్టవని. ఒక్కొక్కళ్లకు ఒక్కో అబద్ధం. ఆ రెండూ ఎదురుపడకుండా నలభై ఏండ్లు నెట్టుకొచ్చారంటే ఆయన్ను మెచ్చుకోవాలో తిట్టాలో నాకు తెలవదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం నా తలుపు చప్పుడైంది. తీస్తే ఎనభై ఏండ్ల జమైకా మనిషి, ఇస్త్రీ కోటు, చేతిలో టోపీ. పేరు రేమండ్ అన్నడు. డోర్ నంబర్ తప్పొచ్చిండు. నేనే తీసుకపోయి 812లో కూర్చోబెట్టిన. రూపవతమ్మ చాయ్ పెట్టి నన్నూ ఉండమన్నది. అనకపోయినా ఉండేదాన్నే.

రేమండ్ వెండెల్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించిన మనిషి. ఐదుగురు ఉండేవాళ్లట. వెండెల్ 1991లో పోయిండు, ట్రంపెట్ ఊదే ఆయన ఆ తర్వాత పోయిండు. పియానో ఆయన నర్సింగ్ హోమ్‌లో ఉన్నడు, సొంత బిడ్డనే గుర్తుపట్టడు. వాయించే చేతులు మిగిలింది రెండు జతలే. మే చివరి ఆదివారం మధ్యాహ్నం డౌన్‌టౌన్‌లో వెండెల్ పేరు మీద కచేరీ పెడుతున్నరు. ఇదంతా చెప్పి, యెహెజ్కేలు గారిని అడగకుండా నేరుగా రూపవతమ్మ దిక్కు తిరిగిండు. మీకు ఇష్టం లేదని తెలుసమ్మా, నలభై ఏండ్లు మీ మాటను గౌరవించినం, ఒక్క మధ్యాహ్నానికి ఈయనను మాకియ్యండి అని బతిమాలిండు.

నేనెప్పుడు వద్దన్న అని రూపవతమ్మ ఇంగ్లీషులో అడిగింది. తర్వాత మొగుడి దిక్కు తిరిగి అదే మాట తెలుగులో అడిగింది. యెహెజ్కేలు గారు చాయ్ కప్పు కింద పెట్టారు. రేమండ్ పాపం, ఏదో తప్పు మాట్లాడినట్టు టోపీ పట్టుకుని లేచి పోయిండు.

అప్పుడు ఆయన నోటి నుంచి అసలు సంగతి బయటపడింది. 1983 ఫిబ్రవరిలో రూపవతమ్మకు మెదడువాపు వచ్చింది. పదకొండు రోజులు తెలివి లేదు. ఇంట్లో రెండేండ్ల కొడుకు. ఇంక మా చేతుల్లో ఏం లేదని డాక్టర్లు అన్న రోజు ఆయన ఆస్పత్రి మెట్ల మీద మోకరించి మొక్కుకున్నారు. ఈమెను బతికిస్తే మళ్లీ ఆ తీగలు ముట్టను ప్రభువా అని. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఆ వారమే బేస్ అమ్మేశారు. చెప్తే ఆమె ఊరుకోదు, మళ్లీ వాయించమంటది. వాయిస్తే మొక్కు తప్పుతది, తప్పితే ఆమె ఉండదు. ఆయనకు అది అంత సూటిగా కనబడింది.

రూపవతమ్మ ఏడుస్తదనుకున్న. ఏడవలేదు. ఆమెకు కోపమొచ్చింది, అంత నెమ్మదస్తురాలికి ముక్కుపుటాలు అదిరినయి. 1991లో వెండెల్ సమాధి దగ్గర వెండెల్ బిడ్డ ఈమెతో చెయ్యి కలపలేదట. ఎందుకో ముప్పై రెండేండ్ల తర్వాత తెలిసింది. నాకు కూడా మండింది, ఆయన మీద. ఒక పెద్ద మనిషి చావు దగ్గర తప్పు చేసినదానిలాగ నిలబెట్టిండు పెళ్లాన్ని.

"అప్పుడంటే నాకు తెలివి లేదు. తర్వాతైనా నన్నడగాలనిపించలేదా మీకు?" అన్నది. "ఆడది మొక్కుకుంటే ఆ మొక్కును మొగుడు విన్న రోజునే కొట్టేయొచ్చని బైబిల్లో ఉందని సండే క్లాసులో మీరే చెబుతారు కదండీ. ఇది నా ప్రాణం మీద మొక్కు. నేను విన్నది ఇవాళ. కొట్టేశాను. వెళ్లి వాయించండి."

ఆ అధికారం వాక్యంలో మొగుడికే ఉంది, పెళ్లానికి లేదు అని ఆయన గొణిగారు. చూడండి, అంత మాట పడ్డాక కూడా రూల్సే. మర్నాడు పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేసి చెప్తానన్నారు. ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

రూపవతమ్మ ఎవరి కోసం ఆగలేదు. ఫోన్లో కనుక్కుని తనే ఒక బేస్ అద్దెకు తెప్పించింది. ఆ రోజే లిఫ్ట్ పని చెయ్యలేదు. షిఫ్ట్ దిగి వస్తున్న నా పిల్లలు ముగ్గురు, శవాన్ని మోసినట్టు ఎనిమిది ఫ్లోర్లు మోసుకొచ్చి నన్ను తిట్టుకుంటూ పడుకున్నరు. అది వాళ్ల హాల్లో తొమ్మిది రోజులు అట్లనే ఉంది, మీద దుప్పటి కప్పి. ఆయన దాని చుట్టూ తిరిగి కిచెన్‌లోకి పోయేవారు.

పదో రోజు గోడలోంచి ధుమ్మని ఒక్క చప్పుడు. కాసేపటికి ఇంకోటి. మా స్టూడెంట్ పిల్లల్లో కావ్యశ్రీ కళ్లు తెరవకుండానే గదిలోంచి వచ్చి, పక్కింట్లో ఏమన్నా పడిందా ఆంటీ అని అడిగింది. నేను కొంగు దోపి కొట్లాడనీకి పోయిన.

తలుపు తీసే ఉంది. ఆయన బేస్ పట్టుకుని నిలబడ్డారు. రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని రూపవతమ్మ. ఆమె ఎదురుగా కనబడేట్టు కూర్చుంటేనే తీగలు ముట్టుకుంటానన్నారట. ఒక తీగ లాగి ఆమెను చూస్తారు. "ఉన్నానండీ, ఇంకోటి," అంటది. మళ్లీ ఒకటి లాగుతారు, మళ్లీ చూస్తారు. కొట్లాటకు పోయినదాన్ని కళ్లు తుడుచుకుంటూ వచ్చిన. పిల్లలు కాలేజీలో ఉండే నాలుగింటి నుంచి ఆరింటి దాకా వాయించుకోమని మాత్రం చెప్పొచ్చిన.

నెల రోజులు అదే తంతు. వేళ్లు బొబ్బలెక్కి చిట్లితే టేప్ చుట్టుకున్నారు. రేమండ్ కూడా రెండుసార్లు వచ్చి బల్ల మీద చేతులతో తాళం వేసిపోయిండు. ఎన్ని రోజులైనా యెహెజ్కేలు గారి చూపు ఆమె మీదనుంచి కదల్లేదు. ఆమె దగ్గితే వాయింపు ఆగేది. ఆ నెలలో మూడుసార్లు ఆమెకు బీపీ చూపించారు. నన్ను చంపితే మీ చూపే చంపాలి అని ఆమె ఎక్కిరించేది. ఆయన నవ్వేవారు కాదు.

కచేరీ రోజు పొద్దున చర్చి. ఆ ఆదివారం ఫెలోషిప్ భోజనాలు రూపవతమ్మ వంతు. అరవై మందికి బిర్యానీ, ఐదింటికే లేచి వండింది. వద్దంటే వినదు. బేస్‌ను రేమండ్ ముందురోజే కారులో తీసుకపోయిండు, మేము భోజనాలు కాగానే సబ్‌వే ఎక్కి డౌన్‌టౌన్ పోయినం. హాల్లో రెండొందల మంది ఉంటరు. మమ్మల్ని మొదటి వరసలో, ఆయనకు కనబడే చోట కూర్చోబెట్టిండు రేమండ్. వెండెల్ స్థానంలో పాతికేండ్ల పిల్ల సాక్సోఫోన్ పట్టుకుని నిలబడింది.

మొదటి పాట బాగనే పోయింది. రెండోది ఏదో నెమ్మదైన వరస. నాకు సంగీతం రాదు గానీ, ఆయన వేళ్ల కింద నుంచి వచ్చే ఆ లోతు చప్పుడు కుర్చీలోంచి ఒంట్లోకి వచ్చింది. ఆ మైకంలో నేను పక్కకు చూడలేదు. వెచ్చటి హాలు, పొద్దటి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ ఒళ్లు. రూపవతమ్మ తల నా భుజం మీదకు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. పండుకోనీ పాపం అనుకున్న. అక్కడ తప్పు నాదే. ఆయన ఎందుకు చూస్తున్నారో నెల రోజులుగా తెలిసినదాన్ని, లేపాల్సింది.

బేస్ ఆగింది. సాక్సోఫోన్ పిల్ల కాస్త దూరం ఒక్కతే పోయి, ఏమైందో తెలియక తనూ ఆపింది. వెండెల్ పక్కన వాయించిన ఏడేండ్లలో ఆయన ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదని రేమండ్ తర్వాత చెప్పిండు. యెహెజ్కేలు గారు చెయ్యి తీగల మీద నుంచి తీసి గాల్లో పట్టుకుని నిలబడ్డారు. తన చేత్తో తనే పెళ్లాన్ని చంపుకున్న మనిషి ముఖం అది. "రూపా," అన్నారు. మెల్లగా అన్నా మైకులో హాలంతా వినబడింది.

నేను గట్టిగా కుదిపిన. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది, తన దిక్కే చూస్తున్న హాలును చూసింది, ఆయన చెయ్యి చూసింది. నలుగురిలో తుమ్మడానికి కూడా సిగ్గుపడే మనిషి. నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"నేనున్నానండీ," అన్నది తెలుగులో, చివరి వరసకు కూడా వినబడేట్టు. "మీరు కానివ్వండి."

రేమండ్ ఒక్కడే ఆపలేదు, ఆ కాసేపూ చిన్నగా తాళం నడిపిస్తూనే ఉన్నడు. యెహెజ్కేలు గారు చేతిని తీగల మీదకు తెచ్చారు. మొదటి తీగ తప్పింది, రెండోది తాళంలో పడింది, సాక్సోఫోన్ పిల్ల దాన్ని అందుకున్నది. మా వెనక కూర్చున్నవాళ్లకు ఏమీ కనబడదు, అయినా ఆమెను కూర్చోమని ఒక్కరు అనలేదు.

ఆయన ఆమెను చూస్తూనే వాయించారు, చాలాసేపు. తర్వాత, నెల రోజుల్లో మొదటిసారి, కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు మూసుకున్నాక కూడా రూపవతమ్మ కూర్చోలేదు.