గంటన్నర జూనియర్

పన్నెండేళ్ళ సర్వీసును ఒక్క పెన్నుతో ముంచుకున్న మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. చివరికి గెలిచింది కూడా నేనేలెండి, కంగారు పడకండి. కాని ముందు నా తెలివితక్కువతనం పూర్తిగా వినాలి.

డెబ్బైల మొదట్లో ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు ఎయిడెడ్ హైస్కూల్లో ఇద్దరు అసిస్టెంట్లను తీసుకున్నారు. ఎంపిక జాబితాలో మొదటి పేరు నాది, తెలుగు అయ్యవారిని. రెండోది లెక్కల మహబూబ్ సార్‌ది. ఆయనది ఆదోని, నాకన్నా ఐదేళ్ళు చిన్న. ఇద్దరమూ శుక్రవారం చేరాలి. నేను మంత్రాలయం బస్సు దిగి, ఆయనకన్నా ముందే బడికి చేరాను. గుమాస్తా హుసేనప్ప రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. గోడ గడియారం చూద్దును కదా, పదీ ముప్పై ఐదు.

మాది తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆ గంటన్నరలో మా నాన్న కొత్త చెప్పులైనా తొడిగేవాడు కాదు. అలాంటి తండ్రి కడుపున పుట్టి ఉద్యోగంలో చేరతానా? రిజిస్టరు పక్కకు జరిపి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

అంతలో మహబూబ్ సార్ వచ్చాడు. నమాజుకు పోయేలోగా పని ముగించుకోవాలని ఆయన తొందర. జేబు తడుముకుంటే పెన్ను లేదు.

“ముందు వచ్చినోరు మీరు సార్. మీరు పెట్టినాక నేను పెడతా” అన్నాడు మర్యాదగా.

“నాకు పన్నెండు దాటల్ల సార్. మీరు కానియ్యండి” అని నా పెన్ను ఇచ్చాను. మూత కూడా నేనే తీసి ఇచ్చాను. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమంటారు. నాది పెన్నుమాలిన ధర్మం.

పన్నెండేళ్ళ తరువాత హెడ్మాస్టరు రిటైరయ్యాడు. మేనేజిమెంటువారు సీనియారిటీ తేల్చడానికి ఆ పాత రిజిస్టరు దులిపారు. సంతకాల పక్కన టైము రాసి ఉంది. మహబూబ్ సార్ పది నలభై, నేను పన్నెండూ ఐదు. ప్రమోషన్ ఆయనకేనన్నారు. నాకన్నా ఐదేళ్ళు చిన్నవాడు ఒకసారి ఆ కుర్చీ ఎక్కితే నేను రిటైరయ్యేదాకా దిగడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. వెంటనే ఆదోని కోర్టులో కేసు వేశాను. అది తేలేదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచారు.

రెండేళ్ళు ఎమ్మిగనూరు, ఆదోని బస్సుల్లో నా నడుము అరిగిపోయింది. చివరికి బోనెక్కించారు. ముందు వచ్చినవాడివి ముందే ఎందుకు సంతకం పెట్టలేదని అవతలి వకీలు అడిగాడు. రాహుకాలమని నిజం చెప్పాను.

“మంచి గడియ చూసే చేరినారు కదప్పా. మరి కోర్టుకెందుకు వచ్చినారు?” అన్నాడు ఆయన.

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గారు.

తీర్పు మాత్రం నాకే వచ్చింది. ఒకే రోజు చేరినవారికి గంటలు లెక్క కాదు, ఎంపిక జాబితాలో వరసే లెక్క అన్నారు. ఆ రోజు ఆదోని నుంచి పెళ్ళికొడుకులా తిరిగొచ్చాను. మహబూబ్ సార్ అప్పీలుకని కర్నూలు పోయాడని తెలిసింది. మా వకీలు మాత్రం, చార్జి తీసుకునేదాకా గెలిచినట్టు కాదని మరీ మరీ చెప్పి పంపాడు.

నా ఖర్మ చూడండి. చార్జి తీసుకోమని ఆర్డరు వచ్చింది గురువారం సాయంత్రం. మర్నాడు ఆఫీసు తెరిచేసరికి పదిన్నర. అదే గోడ, అదే గడియారం, అదే రాహువు.

“బెంచీ తుడిచినా సార్, పన్నెండు దాకా కూర్చుందురు” అన్నాడు హుసేనప్ప.

మా నాన్న ముఖం కళ్ళముందు మెదిలింది. కాని అన్నేళ్ళ కసి అంతకన్నా పెద్దది.

“కాగితం ఈడ పెట్టప్పా” అన్నాను. సంతకం చేసి, పక్కన పదీ నలభై అని పెద్దక్షరాలతో రాశాను.

సరిగ్గా పన్నెండుకు మహబూబ్ సార్ వచ్చాడు. తీర్పు మీద కర్నూలులో తెచ్చుకున్న స్టే కాగితం ఆయన చేతిలో ఉంది. నన్ను ఆ కుర్చీలో చూశాడు, నా సంతకం పక్కన టైము చూశాడు, మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు. చార్జి తీసుకున్నాక ఆ స్టే ఇక దేన్నీ ఆపలేదు.

“పది గంటలకే బస్సు దిగినా సార్” అన్నాడు. “మీరు పన్నెండు దాటందే పెన్ను ముట్టరని హోటల్లో నిమ్మళంగా దోసె తిని వచ్చినా. మీ రాహుకాలాన్ని మీకంటే నేనే ఎక్కువ నమ్మినా.”

ఇద్దరమూ పడిపడి నవ్వాం. స్టే అందినట్టు నేను సంతకం పెట్టాలంటే, ఈసారి ఆయనే తన పెన్ను మూత తీసి ఇచ్చాడు. అప్పీలు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అందుకని మా నాన్న పంచాంగం మీద చెయ్యి వేసి ఆ రోజే ప్రమాణం చేశాను: నా సంతకం ఆరేదాకా ఈ జన్మలో ఎవరికీ నా పెన్ను ఇవ్వను. ప్రమాణం చేసింది మాత్రం పన్నెండు దాటాకే.